జ్ఞానదంతం

ఏప్రిల్ పదిహేను లోపు చెప్పమన్నారు ఇద్దరూ.
పన్నెండున పన్ను పీకించుకోడానికి వెళ్ళాను.

కాస్ట్రోలో వాన మామూలే.
చేపల సంత రేకుల మీద,
కర్రకాళ్ళ మీద నీళ్ళలో నిలబడ్డ ఇళ్ళ మీద,
క్లినిక్ మెట్ల దగ్గర ముడుచుకున్న కుక్క మీద
ఎవరినీ అడక్కుండా పడుతుంది.
డాక్టర్ ఓయార్సున్ నా దవడలోకి దీపం వేసి
"అడ్డంగా మొలిచింది. అక్కడికెళ్ళాక నొప్పెడితే
నీ స్కాలర్‌షిప్ మొత్తం దీనికే పోతుంది" అంది.
అక్కడంటే ఎక్కడో ఆవిడ అడగలేదు.
నేనూ చెప్పలేదు. తెలిస్తేగా!

ఒకటి బెర్గెన్, నార్వేలో.
నాలుగేళ్ళ జీతం, సొంత పడవ ఉన్న ప్రయోగశాల.
వాన ఇక్కడిలాగేనట, గొడుగు మార్చక్కర్లేదు.
ఇంకోటి ఆంతోఫగస్తా. మా చిలీయే, కానీ ఎడారి.
సగం జీతం. అరువు మైక్రోస్కోపు.
గొడుగంటే ఎండకే అనుకునే పిల్లలుంటారట ఆ వీధుల్లో.
అక్కడి ప్రొఫెసర్ మాత్రం
అర్ధరాత్రి దాటాక తనే జవాబు రాసింది:
"నీ పట్టికలో మూడో వరస తప్పు.
ఎందుకు తప్పిందో నాకూ తెలీదు. వస్తే ఇద్దరం వెతుకుదాం."

వారం రోజులు కాగితం మధ్య గీత గీసి
ఇటు డబ్బు, అటు దూరం రాసుకున్నాను.
వలలు బాగుచేసి బతికే మా పిన్ని ఎర్మిలా
ఆ కాగితం మీదే బంగాళాదుంపలు చెక్కు తీసి
"గీత తిన్నగా వచ్చింది" అంది.
తమ్ముడు బెలిసారియో కొలటేపు తెచ్చి
నా మంచం ఉన్నచోట వాడి డ్రమ్ములు పడతాయేమో చూశాడు.
పట్టవు. నాలుగు వేళ్ళు తక్కువ.
కళ్ళు తుడుచుకుంటూ, ఆ నాలుగు వేళ్ళకే ఏడుపన్నాడు.
నమ్మినట్టే ఉన్నాను.

నాకు పదిహేనేళ్ళప్పుడు ఒక వేసవి
సముద్రం రంగైనా మారకుండా విషమైంది.
ఒడ్డు పొడుగునా ఆల్చిప్పలు నోళ్ళు తెరిచి ఉన్నాయి,
ఏదో చెప్పబోయి ఆగినట్టు.
ఎందుకని అడిగాను.
పెద్దవాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.
నా చదువంతా ఆ ప్రశ్నకి తోక.

సూది దిగింది. పెదవి నాది కాకుండా పోయింది.
సరిగ్గా అప్పుడే ఫోను. బెర్గెన్.
డాక్టరే బటన్ నొక్కి నా చెవి దగ్గర పెట్టింది.
మర్యాదైన గొంతు: "మాతో చేరుతున్నట్టేనా?"
నోట్లో దూది. నాలుక పక్కింటివాళ్ళది.
ఊఁ అంటే అవును. ఉహూఁ అంటే కాదు.
మధ్యలో ఉన్నది ఒక చిన్న ఊపిరి.
కాగితం మీద వారమంతా దొరకనిది
అక్కడ దొరికింది.
ఉహూఁ, అన్నాను.
"క్షమించండి, సరిగ్గా వినపడలేదు" అన్నాడాయన.
మళ్ళీ అన్నాను. ఈసారి నాకూ వినపడింది.

రాత్రి, చెంపకి మంచుముక్క ఆనించుకుని
ఆయనకి ఉత్తరం రాశాను.
కాదనడం ఎలాగో నాకు తెలీదు.
కానీ నన్ను కాదన్న ఉత్తరాలు ఏడున్నాయి.
ఒకదాన్నుంచి 'చింతిస్తున్నాము' తీసుకున్నాను,
ఒకదాన్నుంచి 'ఎంతో ఆలోచించిన మీదట'.
పంపాక గానీ గుర్తురాలేదు, ఆయన మంచివాడని,
నా ప్రశ్నలన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పాడని.

ఆగస్టుకి బస్సు టికెట్టు తీశాను.
సైకిలు అమ్మేశాను, బేరమాడకుండా.
లైబ్రరీలో రెండు పుస్తకాలూ ఇచ్చేశాను,
ఒకటి చదవనేలేదు.
"వానలేని ఊరికి వానకోటు దేనికి?" అంటే
పిన్ని దాన్ని అడుగున మడతపెట్టింది, మాట్లాడకుండా.

తలుపు వెనక అది వేలాడే చోటు ఖాళీ అయ్యాక
తలుపు గోడదాకా తెరుచుకుంటోంది.
బెలిసారియో మళ్ళీ కొలిచాడు.
మూడు వేళ్ళే కలిసొచ్చాయి.
"సర్దుకుంటాలే" అన్నాడు.

పన్ను కాగితం పొట్లంలో ఉంది.
తీసుకెళ్ళాలో వద్దో
ఇంకా తేల్చుకోలేదు.