జానెడు వత్తి

అరవై వేలని డెబ్బై ఐదుతో భాగిస్తే ఎనిమిది వందలు.
ఒక బీటు.
కర్రారాలో, మూడో అంతస్తు వంటగదిలో,
పొయ్యి పక్కన లాప్‌టాప్ పెట్టుకుని
పొద్దున్నుంచీ నేను చేస్తున్న బేరం ఇదే:
గడియారం దగ్గర మిల్లీసెకన్లు కొని
డ్రమ్ముల వాడికి బీట్లుగా చిల్లర ఇవ్వడం.

కొండ మాత్రం చిల్లర పుచ్చుకోదు.
నిరుడు చలికాలం, మూసేసిన పాలరాతి గనిలో
చప్పట్లు కొట్టి రికార్డు చేశాను.
ఎదుటి గోడ పన్నెండు వందల మిల్లీసెకన్లు ఆలోచించి
నా చప్పట్లే, కాస్త తెల్లగా, తిరిగిచ్చింది.
ఒకటిన్నర బీటు.
ఆ అర చూసి ఫౌస్తో ఎంత సంబరపడ్డాడో!
కొండకి ఆఫ్‌బీట్ తెలుసన్నాడు.
కొండకి తెలిసింది రెండు వందల ఆరు మీటర్లు, అంతే.

కింది అంతస్తు ఇలారియోకి ఎనభై ఒకటి.
నలభై ఏళ్ళు ఆ రాయిని పేల్చాడు,
ఎడమ చెవి అక్కడే వదిలేసి దిగొచ్చాడు.
నా పాట కోసం కొమ్ము ఊదింది ఆయనే,
అటక మీంచి తీసిన ఇత్తడి కొమ్ము, మూడుసార్లు.
మూడో ఊదుకీ పేలుడుకీ మధ్య ఎంతసేపని అడిగితే
కుడి చెయ్యి బల్ల మీద పరిచాడు,
బొటనవేలు నుంచి చిటికెనవేలి దాకా.
"ఇంత."

సెకన్లలో చెప్పు ఇలారియో.

"వత్తిని సెకన్లలో ఎవరు కోస్తారే?
జానెడు కోస్తాం. అంటిస్తాం. నడుస్తాం.
పరిగెత్తం. పరిగెత్తినవాడు పడతాడు."

టేపు తెచ్చి ఆ చేతిని కొలిచాను.
మీటరు కాలడానికి ఎంతో అడిగి, అటూ ఇటూ సర్ది,
ఇరవై ఎనిమిది సెకన్లని రాసుకున్నాను.
ముప్పై ఐదు బీట్లు.
ఎనిమిది బార్లు, పైన మూడు.
"ఇంకొక్కటి వేసెయ్, తొమ్మిది నిండుతాయి," అన్నాడు ఫౌస్తో.
నాకూ అదే తోచింది.
రెప్పపాటుకి కాస్త ఎక్కువ,
ఎవరు చూడొచ్చారు?

మెట్ల మీద ఎదురైతే నవ్వుతూ చెప్పాను.
ఇలారియో నవ్వలేదు.
తడిసి ఆరిన వత్తికి నడక మారుతుందట.
అరవై ఎనిమిదిలో ఒరెస్తే కోసిందీ జానెడే.
ఒరెస్తే నడిచాడు కూడా, పరిగెత్తలేదు.
ఎన్ని సెకన్ల తేడా అని నోటిదాకా వచ్చి మింగేశాను.
ఆయనే అన్నాడు:
"ఒక్క అడుగు."

సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ట్రాకు నెత్తినా ఒక బుల్లి గుర్తు.
స్వరం గుర్తుంటే టెంపో వెంట పోతుంది, పెంపుడు కుక్కలా.
గడియారం గుర్తుంటే పెట్టినచోటే.
ఆ రాత్రి కొమ్ముకీ, పేలుడుకీ,
నడుమ ఏమీ లేని ఆ చోటుకీ
గడియారం నొక్కి పడుకున్నాను.

శుక్రవారం రిహార్సల్లో ఎనభైకి పెంచమన్నారు.
పెంచాను.
డ్రమ్ములూ అకార్డియనూ బస్సులో చోటిచ్చినట్టు
తలా కాస్త జరిగాయి.
నిశ్శబ్దం జరగలేదు.
ఇప్పుడది ముప్పై ఏడు బీట్లు, పైన మూడో వంతు.
కొండ చప్పట్లూ ఆఫ్‌బీట్ మరిచిపోయాయి.
ఫౌస్తో నాలుగుసార్లు లెక్కపెట్టి
నాలుగుసార్లూ ముందే కొట్టి
ఇది సంగీతం కాదని కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు.
కాకపోవచ్చు.

ఆదివారం ఇలారియోకి హెడ్‌ఫోన్లు తగిలించాను,
కుడి చెవికి కాస్త ఎక్కువ పెట్టి.
స్క్రీన్ మీద గీత పాకుతోంది. ఆయన అటు చూడలేదు.
మూడో ఊదు ఆగగానే కుడి చెయ్యి బల్ల మీద పరిచి
బొటనవేలి గోరు మీద ఎడమచేతి వేలు ఆనించి
జరుపుతూ వచ్చాడు, కాలుతున్నంత నిదానంగా,
మెటికల మీదుగా, మచ్చల మీదుగా.
చిటికెనవేలి చివర ఇంకా రవ్వంత ఉండగానే
పేలింది.

"మళ్ళీ పెట్టు," అన్నాడు.
ఈసారి కుర్చీలోంచి లేచి
తలుపు వైపు నడిచాడు,
పరిగెత్తకుండా.
తీగ చాలలేదు.