పది సెకన్లు

పెద్దాసుపత్రి వెనక మెట్లెక్కితే
ఫిజియాలజీ విభాగం, మూడో గది.
కిటికీ తీస్తే ఉప్పుగాలి తీగలకి తుప్పు పూస్తుంది,
మూస్తే ఎలుకల కంపు.
మూసే ఉంచుతాం.

పదిహేడో నంబరు ఎలుక.
పుర్రె మీద పళ్ళడాక్టర్ల సిమెంటు,
అందులోంచి వెంట్రుకంత తీగ.
దాని కొస ఆగిన చోటు
శనగబద్దంత కూడా ఉండదు.
ఆకలీ, దాహమూ, కోపమూ, ఒంటి వేడీ
ఒకే వాటాలో అద్దెకున్నట్టు
అక్కడే సర్దుకున్నాయి.

తోక కింద దీపం వెలిగిస్తాను.
మామూలుగా మూడు సెకన్లకి లాగేసుకుంటుంది.
కరెంటిచ్చాక
నాలుగు, ఆరు, తొమ్మిది.
తోక కదలదు.
పదికి నేనే ఆర్పేస్తాను.
దాటితే చర్మం కాలుతుంది, అందుకని నియమం.
రిజిస్టర్లో పది అని రాస్తాను.
ఇంకెంత ఓర్చేదో
అక్కడ రాసి ఉండదు.

పన్నెండోదానికి తీగ అరమిల్లీమీటరు పక్కకి దిగింది.
అంతే కరెంటుకి
పళ్ళు బయటపెట్టి చెక్కముక్కని చీల్చి చీల్చి,
స్విచ్ ఆపగానే
ఏమీ ఎరగనట్టు మీసాలు దువ్వుకుంది.
ఎవరిదా కోపం?
నాది కాదు.
దానిదీ కాదేమో.

బోనులు కడిగే మైలపల్లి ఎల్లాజీ
చీపురు గోడకానించి చాలాసేపు చూశాడు.
"నొప్పి పోనాదేటమ్మా,
సెప్పడం మానేసినాదేటి?"

నా దగ్గర గ్రాఫు ఉంది.
జవాబు లేదు.

అతనే అన్నాడు,
బోటు మీదకెళ్ళే రోజుల్లో
వంజరం గుంపు తగిలిన రాత్రి
గాలపు ముల్లు అరచేతిలో దిగిపోయిందట.
"తెల్లారి జెట్టీకొచ్చి ఐసు మోస్తంటే
అప్పుడు కేకేసినాను.
రేతిరంతా ఏడకి పోనాదో మరి!"
చెయ్యి చాపాడు.
బొటనవేలి మొదట్లో తెల్లమచ్చ,
బియ్యపుగింజంత.

ఆ రాత్రి అతని తలలో
స్విచ్ నొక్కిందెవరు?
చేపా, చీకటా, యజమాని బాకీయా?
ఏ తీగా లేదు కదా.

సాయంత్రం కరెంటు ఆపేశాక
పదిహేడు తన తోకని
ముందుకాళ్ళతో దగ్గరికి లాక్కుని నాకింది.
కాలలేదు. భూతద్దంతో చూశాను.
అయినా నాకుతూనే ఉంది,
ఎవరిదో తోకని ఓదారుస్తున్నట్టు.

దీనికి రిజిస్టర్లో గడి లేదు.
అంచున పెన్సిలుతో రాస్తుంటే
ఎల్లాజీ కిటికీ రెక్క తోశాడు.
తీగలు తుప్పు పడతాయని అనబోయి
ఊరుకున్నాను.