మూడు నెల్లూర్లు

ఐసు పెట్టెలో వచ్చాయి పన్నెండు రొయ్యలు,
రామతీర్థం బస్సులో, డ్రైవరు పక్కన.
పెంకు మీద గోటితో గీకినా పోని తెల్లమచ్చలు.
మూతకి అంటించిన చీటీలో పోలయ్య రాత:
"ఒక గుంట పాయె. ఇంకా మూడుండాయి. బిన్నా జెప్పు మేడం."

చెప్పడానికి నా దగ్గరేముంది?
దర్గామిట్టలో మందుల షాపు పైన రెండు గదులు,
రాత్రంతా గురకపెట్టే ఒక ఫ్రీజరు,
మద్రాసు పోయి పదోరోజుకి తిరిగొచ్చిన
నాలుగే నాలుగు అక్షరాల పొడుగాటి వాక్యం,
ఎక్కడా ఫుల్‌స్టాప్ లేనిది.

ఆ వాక్యం పట్టుకుని గడప గడపా ఎక్కాను.
మొదటి ఖజానా అడిగింది, నంబరుందా?
రెండోది అడిగింది, లాటిన్ పేరుందా?
పోల్చి చూసే పనిముట్టు మరీ ఘోరం,
ఫైలు నెత్తిన బాణం గుర్తు లేదని
వాకిట్లోంచే పంపేసింది.
ఒకళ్ళకి తేదీ అంటే ముందు రోజు,
ఇంకొకళ్ళకి ముందు నెల.
మే నాలుగున చచ్చిన రొయ్య
అక్కడ ఏప్రిల్ ఐదునే చచ్చింది,
పాపం, రెండుసార్లు.

అందరూ అన్నీ తెలిసినవాళ్ళే.
చేను పంచుకున్నాక
గట్టు మీద ఎదురైతే మొహం తిప్పుకునే దాయాదుల్లా
ఒకరితో ఒకరికి మాటల్లేవు.
మధ్యలో నేను కబురుమనిషిని:
ఇక్కడ కాపీ, అక్కడ పేస్ట్.
తెల్లారుజామున కునుకులో ఒక అక్షరం జారిపోతే
అరిచేవాళ్ళు లేరు.

జబీనా కొడుకు ట్యూషన్ నించి వచ్చేలోపు
రోజూ రెండు గంటలు, ఆమే నేనూ కూర్చుని
ఒక వంతెన కట్టాం.
వంతెనంటే పెద్దమాట.
పంటకాలవ మీద అడ్డంగా పడేస్తారే తాటిమొద్దు,
ఒక్క మనిషి చేతులు చాపుకుని దాటేది, అది.
దీని మాట దానికి అర్థమయ్యేలా మార్చి,
అది చెప్పిన జవాబు మోసుకొచ్చి గుమ్మంలో పెట్టాలి.
మొదటిరాత్రి మూడుసార్లు నీళ్ళలో పడింది.
నాలుగోసారి దాటింది.

దాటి ఏం తెచ్చిందంటే,
అదే వాక్యం. అదే చోట అదే తునక మాయం.
ఐదు వారాల కిందటే ఎవరో భద్రంగా దాచారు.
నమూనా: పీత.
చోటు: బకింగ్‌హామ్ కాలవ, ఇస్కపల్లి దగ్గర.

ఐదు వారాలు!
రోజూ వెతికిన నా కళ్ళకెందుకు ఆనలేదు?
జిల్లా పేరు.
నేను ఇంగ్లీషులో తోక చివర 'ఈ' పెట్టి రాస్తాను.
వాళ్ళు నోటితో పలికినట్టు 'యూ' పెట్టారు.
ఇంకెవరో ముందు నాలుగు పొడి అక్షరాలు తగిలించారు.
కంప్యూటరు లెక్కలో మూడు నెల్లూర్లు,
ఒకదాన్నించి ఇంకోదానికి బస్సు లేదు.

కాలవకి స్పెల్లింగు రాదు.
ఇస్కపల్లిలో వదిలిన నీళ్ళు
పోటుకీ పాటుకీ అటూ ఇటూ ఊగి,
పాస్‌వర్డు ఊసే లేకుండా
రామతీర్థం తూముల్లో దూరాయి.

తెల్లారగానే ఫోన్ చేశాను.
"తూము తెరవబాక పోలయ్యా.
కాలవ నీళ్ళు అసలు పెట్టబాక."
ఏరియేటర్ల రొదలోంచి అడిగాడు,
"ఎవురు జెప్పినారు?"
ఏమని చెప్పను, ఈ మొద్దు గురించీ బాణం గురించీ.
"ఇస్కపల్లి పీత" అన్నాను.
నవ్వాడు. కాసేపు ఏరియేటర్లే మాట్లాడాయి.
"అది ముందే జెప్పిందా?
యాడ జెప్పింది? నాకెందుకు ఇనపళ్ళా?"

తూము పలక దిగిన చప్పుడు విన్నాను.
ఇంకొకటి దిగింది.
మూడోది నిన్న సాయంత్రమే తెరిచాడట.

జబీనా ఏమీ అనలేదు.
ఊళ్ళ పట్టిక మళ్ళీ తెరిచి
వేలితో వరసలు దిగుతూ దిగుతూ ఆగింది.
"ఇదిగో, నాలుగో నెల్లూరు,
వీళ్ళు ఒక్క 'ఎల్'తోనే సరిపెట్టారు" అంది.