పుట్టినరోజు అంకెలు

ముప్ఫై ఏళ్ళుగా ఈ కొండ ఊళ్ళో తాళాలు విప్పుతున్నాను.
ఇనప్పెట్టె తలుపు ఎంత మందమో,
మంటల్లో ఎన్ని గంటలు ఆగుతుందో
అమ్మినవాడు చెబుతాడు.
నంబరు సంగతి నన్నడగండి.
పదిళ్ళలో ఏడిళ్ళకి
అది పిల్లాడి పుట్టినరోజు.

లార్చ్ ఫోర్క్‌లో మంచు ఏప్రిల్ దాకా కరగదు.
అక్టోబరొస్తే బడిలో సగం బెంచీలు ఖాళీ,
దుప్పుల వేటకి నాన్నల వెంట పోతారు పిల్లలు.
తుపాకీ ఇక్కడ గొడ్డలి పక్కన,
గొడుగు పక్కన నిలబడే వస్తువు.

పోయిన గురువారం ఫైర్ స్టేషన్లో మీటింగు.
ఇంజన్ని బయట మంచులో నిలబెట్టి కుర్చీలు వేశారు.
ఎవరూ చెప్పకుండానే కుర్చీలు రెండుగా చీలాయి.
రోవీనా టీచరు లేచి
నారింజ రంగు ప్లాస్టిక్ తుపాకీ బల్ల మీద పెట్టింది.
"రెండో తరగతి నుంచే నేర్పుదాం.
ఈత నేర్పడం మానేసి ఏరు పూడుస్తారా?"
చప్పట్లు.

జెనీవా ప్రూయిట్ లేచింది. మైకు అందుకోలేదు.
"మా వాడికి ఈత వచ్చు" అంది.
"పక్కింటి మేడ మీద గదిలో ఏరుందని
ఎవరూ చెప్పలేదు."
సంచీలోంచి లైబ్రరీ కార్డుముక్క తీసింది.
తిమింగలాల పుస్తకం తిరిగివ్వలేదని
రెండేళ్ళుగా వస్తూనే ఉందట.
ఈసారి చప్పట్లు లేవు. ఒక కుర్చీ కిర్రుమంది.

తరవాత మామూలే.
తాళం వెయ్యకపోతే జరిమానా అన్నారొకరు.
తాళం తీసేదాకా దొంగ ఆగుతాడా అన్నారొకరు.
"నువ్వు చెప్పవయ్యా, నీ బేరమేగా" అన్నాడొకాయన నా వైపు తిరిగి.
అందరూ నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

చెప్పాల్సింది నా దగ్గర ఉంది.

అంతకు ముందు మంగళవారం ఆర్డిస్ హల్వర్సన్ పిలిచింది.
భర్త పోయి ఆరు వారాలు.
పెట్టె నంబరు ఆయనతోనే పోయింది.
ఇన్సూరెన్సు కాగితాలు అందులో ఉన్నాయి, మూడు రైఫిళ్ళ వెనక.
డ్రిల్లు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాను.
మెట్ల మీద మనవడు కోల్బీ. ఏడేళ్ళు. పై పన్ను లేదు.
జామ్ రొట్టె తింటూ చూస్తున్నాడు.
"దానికి చిల్లు పెడతావా?"
"వేరే దారి లేదు బాబూ."
"నా పుట్టినరోజు కొట్టు."

కొట్టాను.
లోపలెక్కడో ఇనప నాలుక వెనక్కి జారింది.

తాళం వేసి గొళ్ళెం మరిచాడు ముసలాయన.
గొళ్ళెం ఇదిగో, మెట్ల మీద రొట్టె తింటోంది.

ఆర్డిస్ గోడ పట్టుకుంది.
వాడు వేళ్ళు నాకుతూ అన్నాడు:
"రెండుసార్లు తీశాను. చూశానంతే.
ముట్టుకోలేదు. రోవీనా టీచర్ ముట్టుకోవద్దంది."

ఈ మాట మీటింగులో చెబితే
"చూశారా, పాఠం పనిచేసింది" అనేవి కిటికీ వైపు కుర్చీలు.
"చూశారా, తలుపు తెరుచుకుంది" అనేవి గుమ్మం వైపు కుర్చీలు.
ఒక్క పిల్లాణ్ణి చెరో రెక్కా పట్టుకు లాగేవాళ్ళు.
రెండూ నిజమే.
ఆ రెండు నిజాల మధ్య సందు
జామ్ అంటిన చూపుడువేలంత.

రోవీనా మంచి టీచరు. నా కూతురికీ చెప్పింది.
కానీ మూడోసారి తీసిన రోజు వాడొక్కడే ఉండడు.
పక్కన ఇంకొకడుంటాడు,
ఆ పాఠం చెప్పిన రోజు
జ్వరమొచ్చి బడికి రానివాడు.

ఆ సాయంత్రమే కొత్త నంబరు పెట్టాను.
ఎవరి పుట్టుకా కాదు, ఎవరి చావూ కాదు,
పెళ్ళిరోజూ కాదు.
నోటికి పట్టని ఆరంకెలు.
"నాకు గుర్తుండదే" అంది ఆర్డిస్.
"మరిచిపోండి. మరిచిపోతే పిలవండి. డబ్బు తీసుకోను."

కోల్బీ మెట్లు దిగొచ్చి
తన పుట్టినరోజు కొట్టి చూశాడు.
ఎర్ర దీపం.
మళ్ళీ కొట్టాడు.
ఎర్ర దీపం.
"పాడైపోయింది" అన్నాడు నాకేసి చూసి,
తనదేదో నేను పట్టుకుపోతున్నట్టు.