అప్పడాలు ఎండని రోజు

తెల్లారి మేడమీద అరచెయ్యి చాపి
"ఇవాళ పని లేదు" అన్నాడు సుబుద్ధి షావుకారు.
బరంపురంలో మా నలుగురికీ మబ్బుతో పాత లెక్క.
దాని నలుపు చూసి చెప్పగలం
ఎన్ని వందల అప్పడాలు మింగుతుందో.
అలాంటిది ఆ వేళ కూర్మమ్మ కొంగు బిగించి
"కూలి ఎలాగూ పోనాది, మనమూ పోదాం" అంది.
"ఎక్కడికే?"
"చిలికా."

ఇరవై రెండేళ్లుగా ఆ పేరు మాకు
రొయ్యల బుట్టమ్మి వీధిలో వేసే కేక.
బస్సెక్కితే గంటన్నర.
ఒక్కరం చూడలేదు.

ఛత్రపురం దాటాక బస్సు కిటికీ అద్దం
పైకీ రాదు, కిందికీ పోదు.
దమయంతి లోపలే గొడుగు విప్పింది.
కండక్టరు ఒడియాలో ఏదో అన్నాడు.
టుకునీ ఒడియాలోనే దానికి రెండింతలు అంది.
ఆ మాట ఇక్కడ రాయను.

రంభ రేవులో పడవలన్నీ కట్టేసి ఉన్నాయి.
సూరాడ దాలయ్య ఒక్కడే
ప్లాస్టిక్ సంచి నెత్తికి తొడుక్కుని
బీడీని కాపాడుకుంటున్నాడు.
"ఈ వానలో ఏటి చూస్తారమ్మా?"
మన తెలుగే.
"ఏదుంటే అది" అంది కూర్మమ్మ.
తలకి నూటయాభై.
మనసులో అప్పడాల్లోకి మార్చడం మొదలెట్టి
సగంలో మానేశాను.

కాస్త దూరం వెళ్లేసరికి ఒడ్డు పోయింది.
దాలయ్య మోటారు ఆపి వేలు చూపించాడు.
"అదిగో కొండ."
తెలుపు.
"అది పిట్టల లంక. పిట్టలు చలికాలం వస్తాయి."
తెలుపు.
"ఆ పక్క బర్కుడా. కాళ్లు లేని బల్లి ఉంటాదంట, నేను చూళ్లేదు."
మేమూ చూళ్లేదు.
"సబు ధళా" అని టుకునీ పడవలో పొర్లి పొర్లి నవ్వింది,
అంతా తెలుపే, అంతా తెలుపే.
డబ్బిచ్చి ఏమీ చూడకుండా ఉండడం
మా జన్మలో అదే మొదలు.
ఇంత సుఖంగా ఉంటుందనుకోలేదు.

దిగిన లంక మా వీధి కంటే చిన్నది.
ఒక పాడుబడ్డ గది, ఒక స్తంభం.
ఎవరో రాజుగారు ఫలహారానికి వచ్చేవారట.
"ఫలహారానికి ఇంత దూరమా!" అంది దమయంతి,
ఆ గదిలోనే కూచుని మూట విప్పుతూ.
మరమరాలు, ఉల్లిపాయ, పచ్చిమిరప,
నిన్నటి విరిగిన అప్పడాలు.
విరిగినవి మావి, గుండ్రటివి ఊరివి.
చెమ్మకి మెత్తబడి సాగుతున్నాయి.
తిన్నాం.

కర్ర పట్టని చేతులు
ఒళ్లో ఎవరివో పిల్లల్లా పడున్నాయి.
దమయంతి తన అరచెయ్యి వానకి చూపించింది.
"జాతకాలోడొకడు ఇది చూసి, గీతలే లేవని
డబ్బులు తిరిగిచ్చేశాడే" అంది.
ఎవరం ఏమీ అనలేదు.
చూరు లేని పక్కనుంచి నీళ్లు వచ్చి
మా చెప్పుల్ని ఒక్కొక్కటే వాసన చూసి వెళ్లాయి.

అంతలో ఎండ.
కొండ వచ్చింది. దాని వెనక ఇంకోటి వచ్చింది.
దాలయ్య చెప్పినవన్నీ చెప్పినచోటే ఉన్నాయి.
మేం ఎవరం వాటివైపు చూడలేదు.
"అప్పడాలు!" అని నలుగురమూ ఒక్క గొంతుతో లేచాం,
మేడ మెట్లు ఎక్కబోయి
మెట్లు లేవని తెలిసేదాకా.

ఫోను.
"ఎండొచ్చింది, ఎక్కడున్నారు మీరంతా?"
కూర్మమ్మ మా మొహాలు చూసింది.
"ఇక్కడ కుండపోత బాబూ."
"ఇక్కడంటే ఎక్కడ?"
టుకునీ అప్పటికే మోకాల్లోతు నీళ్లలో ఉంది.
దోసిళ్లతో ఎత్తి పడవ టార్పాలిన్ మీద కొడుతోంది,
టపటపా, టపటపా.
కూర్మమ్మ ఫోను అటు తిప్పి పట్టుకుంది.
దమయంతి కొంగు నోట్లో కుక్కుకుంది.
దాలయ్య బీడీ పారేసి
రెండో పక్కనుంచి వాన అందుకున్నాడు.

"సరే సరే, తడవకండి" అన్నాడు షావుకారు.

ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు
వాళ్లిద్దరూ ఆపలేదు.
ఎదురుగా కొండలు మళ్లీ
ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి.
చివరిదాని అంచు ఒక పక్క విరిగి ఉంది.
అది నేను చూశాను.