రెండు స్టాపులు

వరదరాజులు గారి తోలు సంచిలో
వక్కపొడి డబ్బా పక్కన
మెత్తటి పాతపంచె ముక్కలో చుట్టి
ఒక నీలం అద్దం ఉండేది.
దానిమీద నా వేలిముద్ర పడిన పూట
నాకు టిఫిన్ లేదు.

"కంటికి మొహమాటం ఎక్కువరా" అనేవారు.
"బల్బు కింద తెల్లకాగితం పసుపే.
కన్ను సర్దుకుపోయి తెలుపంటుంది.
ఫిల్ముకి ఆ మర్యాద తెలీదు.
ఎండ కోసం పుట్టిన ఫిల్ము
బల్బు వెలుగుని ఉన్నదున్నట్టు కక్కేస్తుంది."

సాలిగ్రామంలో మేడమీద గది,
ముగ్గురాడవాళ్లు పంచుకునే అద్దె,
ఒకటే అరవై వాట్ల బల్బు.
రేపల్లె నుంచి వచ్చిన సామ్రాజ్యం
గుంపు సీన్లలో మూడో వరస మనిషి.
కంపెనీల చుట్టూ తిరగడానికి ఫోటోలు కావాలంది.
ఫ్లాష్ మాత్రం వద్దంది:
"అది కొడితే నా మొహం
పోలీసు స్టేషన్లో పటంలా ఉంటుంది."

ఆయన నవ్వి నీలం అద్దం బిగించారు.
లెన్సులో గది మసకేసింది.
పసుపు విరగాలంటే
రెండు స్టాపుల వెలుగు కప్పం కట్టాలి.
ఉన్నదే గుప్పెడు,
అందులో ముప్పాతిక అద్దానికే.
నేను స్టాండు కాళ్లు పట్టుకు కూచున్నాను.
"కదలకమ్మా."
అర సెకను.
ఊపిరి ఆమెతోపాటు మేమూ బిగబట్టాం.
కింద పాలవాడి సైకిలు గంట
షట్టరు మూసుకున్నాకే మోగింది.

చీర తెల్లగా వచ్చింది. పళ్లు తెల్లగా వచ్చాయి.
బుగ్గలమీద కాస్త పసుపు మిగిలిపోయింది.
స్టూడియో దీపాలకి లెక్కకట్టిన అద్దం అది,
ఇంటి బల్బు ఇంకా బీదది.
వెనక కిటికీలో
సాయంత్రం ఆరుగంటల ఆకాశం
సిరాబుడ్డి ఒలికినట్టుంది.
"రెండు వెలుగులున్న గదిలో
ఒకదాన్నే దిద్దగలంరా"
తప్పు తనదైనట్టు అన్నారాయన.

కట్ట అడుగున ఇంకో ప్రింటు.
అద్దం బిగించక ముందు
ఫోకస్ చూస్తూ నేను పొరపాటున నొక్కింది.
గదంతా మామిడితాండ్ర రంగు.
దండెం, ట్రంకుపెట్టె, ఆమె, గోడమీద ఆమె నీడ,
అందరూ ఒకే కంచంలో తిన్నట్టు.
కిటికీలో ఆకాశం మాత్రం
ఎవరి జోలికీ రాకుండా, మామూలుగా.

సామ్రాజ్యం దాన్ని పైటచెంగుతో తుడిచి
పక్కన పెట్టుకుంది.
"అవి కంపెనీలకి. ఇది నాకు.
ఇక్కడ రాత్రిళ్లు ఇలాగే ఉంటాయి."

ఆయన దానికి డబ్బు తీసుకోలేదు.
మెట్లు దిగాక
నాకు రెండు దోసెలు చెప్పారు.

ఇప్పుడు తెలుపు ఏదో కెమెరాలే వెతుక్కుంటున్నాయి.
అంచున పెచ్చులేచిన అద్దం నా జేబులో ఉంది.
కోడంబాక్కం వంతెన మీద ఆగి
అప్పుడప్పుడు కంటికి పెట్టుకుంటాను.
ఆటోల పసుపు లైట్లు తెల్లబడతాయి.
వంతెన చివర మిగిలిన ఒక్క సోడియం దీపం
దేనికీ లొంగదు. దాని దగ్గరున్నది ఒకటే రంగు,
లేని రంగుల్ని ఏ అద్దమూ అప్పివ్వలేదు.

రెండు స్టాపులు చీకటైన మద్రాసు.
అర సెకను ఊపిరి బిగబట్టి
దించేస్తాను.