ఆరో గడి

మక్తల్ బస్టాండు ముందట
జిరాక్స్ మిషను, నేను,
సగం దాక తిరిగి అలిగి ఆగే ఫ్యాను.
చేతిపనోళ్ల లోను కాయితంల ఆరో గడి: ప్రొడక్షన్.
కింద సన్నగ, ‘తెలుగులో నింపవలెను.’

గడి అంటే మా తాతకు దొర గడీయే యాదికొస్తుండె.
చెప్పులు చేతిల పట్టుకొని నిలబడేటిది.
గిదీ గంతే ఉంది,
ఇరవై అక్షరాలు దాటి లోపలికి రానియ్యదు.

ఇంటర్ల కొన్న పాకెట్ డిక్షనరీ తీసిన.
అట్ట ఊడింది, పీ అక్షరం మీద చాయ మరక.
ఉత్పత్తి, తయారీ, దిగుబడి.
నాలుగో అర్థం: హాజరుపరుచుట.
నవ్వొచ్చింది.
మా చిన్నాయనను ఇసుక ట్రాక్టరు కేసుల
నారాయణపేట కోర్టుకు పట్టుకపోయింది
గా ప్రొడక్షన్‌కే గద అని
నవ్వు ఆగింది.

తయారీ అని రాద్దామంటే
మా దిక్కు ‘తయారైనవా’ అంటే తల దువ్వుకున్నవా అని.
ఉత్పత్తేమో బడి పుస్తకంల
సిమెంటు, బొగ్గు పక్కపొంటి టన్నుల లెక్కన ఉండేది.
ఒక్క మనిషి రెండు చేతులకు
అది లూజు అంగీ.

గొంగడి భుజానేసుకొని బీరప్ప వచ్చిండు.
ఏం చేస్తవే అంటే
చేసుడేంది, నేస్త అన్నడు.
గంపలామె అల్లుత అన్నది.
ఆమె పెనిమిటి తాడు పేనుత అన్నడు.
ఇటికెబట్టీ పిలగాడు కోస్త అన్నడు,
కత్తి లేదు వాని చేతిల.
కొడవలికి కక్కు కొడతరు, రొట్టెను కొడతరు,
తొక్కు పెడతరు, బతుకమ్మను పేరుస్తరు,
పాటను కడతరు, ఇల్లును కడతరు,
పాడెను గూడ గదే మాటతోని కడతరు.

పుణె బస్సు దిగి సీద వచ్చిండు కుర్మయ్య.
నాకు చేతిపని లేదు బిడ్డా, తట్ట మోస్త.
ముప్పై ఏండ్లు మోసినవు, బిల్డింగులు కట్టినవు గద కాకా?
‘కట్టిందంటే బోర్డు మీద పేరున్నోళ్లది.
నేను కిందికెల్లి అందిచ్చిన.’
అందిచ్చుడుకు డిక్షనరీ అంత దేవులాడిన.
ఆయన గడి ఖాళీగనే పోయింది.

ఆఖర్న గుడెబల్లూరు నుంచి ఈదమ్మ.
మూడుసార్లు తుడిచి పెట్టినా
మిషను ఆమె వేలిని గుర్తువట్టలే.
గీతలన్నీ మట్టి మీదనే పోయినయి.
ఏం చేస్తవమ్మా?
‘వానుత.’
ఏందీ?
‘వానుత బిడ్డా. కుండలు ఎవరన్న చేస్తరా?
చేసేటియి అప్పులు.
కుండలు వానుతరు.’

మా అమ్మమ్మ నోట్ల విన్న మాట.
ఆమెతోనే పోయిందనుకున్న.

టైపు కొట్టిన.
కంప్యూటరుకు ఆ మాట రాదు.
కింద ఎర్రగీత గీసి, నా మీద జాలిపడి,
దానంతట అదే దిద్దుకున్నది.
సర్వర్ పోతదన్న తొందరల నేను చూసుకోలే.

నెలకు కాయితం వాపసొచ్చింది.
దరఖాస్తుదారు: కుమ్మరి ఈదమ్మ.
ప్రొడక్షన్: వాన.
నెలకు ఎన్ని: రెండు వందలు.
పక్కన ఆఫీసరు పచ్చ సిరా:
‘వివరణ ఇవ్వగలరు.’

రెండు దినాలాయె, వివరణ మొదటి లైను దాటలే.
బయట జులై ఎండ.
పత్తి గింజలు పెట్టినోళ్లంత మెడలెత్తి ఉన్నరు.
ఈదమ్మ గూడ మెట్ల మీద కూసోని మీదికే చూస్తున్నది.
ఆము పేర్చి వచ్చిందట,
ఇయ్యాల రేపు ఒక్క చినుకు పడొద్దట.

‘వచ్చిందా బిడ్డా?’ అన్నది.
లోను గురించే.
నేను ఆ కాయితం మడిచి, బయటికి చూసి,
ఇంక రాలేదమ్మా అన్న.